ఆసుపత్రిలో పుట్టిన ధ్యానదీక్ష

మట్టెవాడ చెంతనున్న మహాత్మాగాంధీ స్మారక వైద్యాలయమునకు వేకువనే అన్నపుగిన్నెలతో నడచు శ్రోతలారా! 1521లో పాంప్లోనా దుర్గరక్షణమున ఫిరంగిగుండు తగిలి కాలు విరిగిన యోధుడు ఇగ్నేషియస్ లొయోలా, స్వస్థుడై, మరుసటియేట స్పెయిను దేశపు మన్‌రేసా పట్టణమున బీదల ఆసుపత్రియగు సాంతా లూసియాలో తలదాచుకొని, భిక్షమెత్తి, రోగులకు పరిచర్య చేయుచు, అంతరంగమును శోధించుకొనుచు వ్రాయ నారంభించిన సాధనాగ్రంథమే 1548లో అచ్చుపడి, ముప్పది దినముల మౌనదీక్షకు మార్గదర్శియై, కతోలిక ధ్యానాశ్రమములకు ప్రాణమైనది.

ఆ మౌనము రణరంగమునగాక రోగుల మూల్గుల నడుమ అలవడినదగుటయే నాకు మిక్కిలి పూజ్యము.

ఆయన ఎనిమిది దినములు బాహ్యస్మృతి లేక పడియుండెనని చెప్పెడి ఆ ఆసుపత్రి తావున నేడొక చిన్న ప్రార్థనాలయమున్నది. 1952లో నెలకొన్న మన ఓరుగల్లు మేత్రాసనపు గురువులును ఏటేట కొన్నినాళ్లు పనులు విడిచి ధ్యానమున కూర్చుందురు.