పడవ ఎవరిది? మాట ఎవరిది?

ధ్యానాంశము: లూకా 5:1-11



కెనడా దేశపు పడమటి తీరములో, రోడ్డు దారి కూడ లేని చోట్ల, సాల్మన్ చేపల వేటకు వచ్చేవారి కోసం కట్టిన విడిది ఇళ్ళు ఉన్నాయి. పడవలోనో, నీటి మీద దిగే చిన్న విమానములోనో అక్కడికి చేరాలి. వచ్చేవారిలో కలిగినవారు, చదువుకున్నవారు, తమ తమ చోట్ల నలుగురికి ఆజ్ఞలిచ్చేవారు ఉంటారు. కాని తెల్లవారుజామున పడవ ఎక్కిన తరువాత వారందరూ ఒక్క మనిషి మాట వింటారు. ఆయన దారి చూపే గైడు. గాలము ఎంత లోతుకు దించాలో, పోటు ఎప్పుడు తిరుగుతుందో, ఏ చేపను ఉంచుకోవచ్చో, దేనిని తిరిగి నీళ్ళలో వదలాలో ఆయనే చెబుతాడు. తెలియని నీళ్ళలో తెలిసినవాని మాట వినడము గొప్ప విషయమేమీ కాదు. అది ఇంగితజ్ఞానము.

ఇప్పుడు గెన్నెసరెతు సరస్సు ఒడ్డుకు రండి. ఇక్కడ అంతా తలక్రిందులుగా ఉన్నది. సీమోను సరదాకు వచ్చిన అతిథి కాడు, ఆ నీళ్ళ మీదనే బ్రతుకుతున్న జాలరి. ఆజ్ఞ ఇచ్చినవాడు నజరేతు వడ్రంగి. రాత్రంతా వేసిన వలలో ఒక్క చేప పడలేదు. వలలు కడుగుకొని ఇంటికి పోయే వేళ, లోతుకు వెళ్ళి మళ్ళీ వేయమన్నాడు ప్రభువు. సీమోను జవాబులో రెండు ముక్కలు ఉన్నాయి. మొదటిది అనుభవము: ఎంతో కష్టపడ్డాము, ఏమీ దొరకలేదు. రెండవది విశ్వాసము: అయినా చెప్పినవాడవు నీవు గనుక వేస్తాను. తనకు బాగా తెలిసిన పనిలోనే సీమోను ప్రభువు మాటకు లోబడ్డాడు. పడవ తనదే, మాట మాత్రము ప్రభువుది.

మనకు తెలియని వాటిలో దేవుని ఆశ్రయించడము సులభము. జబ్బు చేస్తే మోకరిస్తాము. పరీక్షలు దగ్గర పడితే పిల్లల చేత జపమాల చెప్పిస్తాము. బాగా తెలుసుననుకున్న చోట మాత్రము ఆయనను పడవ దించి ఒడ్డున నిలబెడతాము. వ్యాపారములో, చీటీల లెక్కలలో, స్థలము తగాదాలలో ఈ పని చేస్తున్నాము. అన్నిటికంటె ఎక్కువగా పిల్లల పెండ్లి మాటలలో చేస్తున్నాము.

హైదరాబాదు పాతబస్తీలో గుట్ట మీద ఫలక్‌నుమా భవనము ఉన్నది. ఆకాశానికి అద్దము వంటిదని ఆ పేరుకు అర్థము చెబుతారు. తరువాతి కాలములో హైదరాబాదు ప్రధాని అయిన వికారుల్ ఉమ్రా 1884లో దాని పని మొదలుపెట్టించాడు. 101 మంది ఒకేసారి కూర్చుని భోంచేయగల బల్ల అందులో ఉన్నది. కట్టించినవాడు అప్పులపాలైనాడని జనము చెప్పుకుంటారు. 1897 నాటికి భవనము ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్ళింది. 2010 నుండి అది హోటలుగా నడుస్తున్నది. ఆ గుట్ట క్రింద వీధులలో ఆటో నడిపేవారు, కుట్టుపని చేసేవారు, ఆసుపత్రులలో పనికి పోయేవారు ఎందరో. మన విచారణలలోని అటువంటి కుటుంబాలు కూడ ఒక్క పూట వేడుక కోసం, అడిగిన కట్నము కోసం అప్పు చేసి, జీవితమంతా వడ్డీ కడుతున్నాయి.

పెండ్లి ప్రకటనలు గుడిలో మూడు ఆదివారాలు చదువుతారు. కట్నము లెక్క మాత్రము ఏ ఆదివారమూ చదవరు. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినా, ముచ్చట అనీ, లాంఛనము అనీ పేరు మార్చి తీసుకుంటున్నాము. "ఫాదర్‌గారూ, గుడి సంగతి మీకు తెలుసు, లోకము సంగతి మాకు తెలుసు" అంటారు పెద్దలు. సీమోను కూడ అలాగే అనగలిగేవాడు: "బోధకుడా, వాక్యము సంగతి నీకు తెలుసు, చేపల సంగతి మాకు తెలుసు." ఆ మాట అని ఉంటే వల ఖాళీగానే ఉండేది గదా!

ఫలక్‌నుమా పేరు పెట్టుకున్న రైలు సికింద్రాబాదు నుండి హౌరా పోతూ రాజమండ్రి దగ్గర గోదావరిని దాటుతుంది. దానికి దిగువన, ధవళేశ్వరము ఆనకట్ట వరకు, ఎర్రనీరు వచ్చే వరద రోజులలో పులస చేప సముద్రము నుండి ఎదురీదుతుంది. సముద్రములో ఉన్నప్పుడు దానిని విలస అంటారు. ఏటికి ఎదురు వచ్చిన తరువాతనే అది పులస. వేరే చోటి చేపను తెచ్చి పులస అని అమ్మేవారూ ఉన్నారు. చూపుకు రెండూ ఒకటే, తేడా నాలుకకు తెలుస్తుంది. జ్ఞానస్నానపు పుస్తకములో మన పేర్లన్నీ ఒకే విధముగా ఉన్నాయి. లోకపు వాడుకకు ఎదురీదినవాడు ఎవడో, పెండ్లి మాటల నాడు ఎదుటి కుటుంబానికి తెలుస్తుంది.

పుస్తెలమ్మి అయినా పులస తినాలని గోదావరి వాళ్ళ సామెత. మనము పుస్తె కట్టడానికే ఒక తండ్రి చేత ఇల్లు అమ్మిస్తున్నాము.

ఆడపిల్ల తండ్రికి ఉన్న భయము నిజమైనది. కాదంటే సంబంధము తప్పిపోతుంది. అందుచేత మొదటి మాట మగపిల్లవాని ఇంటి నుండి రావాలి. "వదినగారూ, అమ్మాయిని పంపండి, చాలు. విందు ఖర్చు చెరి సగము పెట్టుకుందాము" అని తల్లి ఒక్క మాట అంటే ఆ ఇంట ఎంత వెలుగు! కట్నము వద్దనే యువకులు మన విచారణలలోనూ ఉన్నారు. సాల్మన్ చేప తాను పుట్టిన ఏటి నీటిని వాసనతో గుర్తుపట్టి తిరిగి వస్తుందట. ఆ యువకులు తమ జ్ఞానస్నానపు నీటిని గుర్తుపట్టినవారు. వారిలో పలికేది పవిత్రాత్మ. ఎదురీదే బిడ్డలకు తల్లిదండ్రులే ఆనకట్టగా అడ్డు నిలువరాదు.

వల నిండినప్పుడు సీమోను బృందము ప్రక్క పడవవారిని పిలిచింది. రెండు పడవలూ నిండాయి. వియ్యమంటే అదే. ఒక పడవను ఖాళీ చేసి రెండవదానిని నింపడము కాదు.

ఉత్థానుడైన ప్రభువు తిబెరియ ఒడ్డున తన ఏడుగురు శిష్యులకు బొగ్గుల నిప్పు మీద చేప కాల్చి, రొట్టెతో పెట్టాడు. అక్కడ 101 మంది బల్ల లేదు. అప్పు లేదు. ఆయన మాత్రము ఉన్నాడు. మీ ఇంట జరిగే తరువాతి పెండ్లి మాటలకు ముందు లూకా సువిశేషము 5వ అధ్యాయము ఇరు కుటుంబాలు కలిసి చదవండి. ఆ తరువాతనే లెక్క మాట్లాడండి.

ప్రార్థన: ప్రభువా, మాకు తెలుసుననుకున్న చోటనే మాకు దారి చూపండి. మా పడవలో కూర్చుండండి. ఆమెన్.