కిటికీ తెరిచిన పక్కాయన

మొన్న మా అమ్మాయి ఖరీదైన స్నానపు సామాను పంపింది. షవర్ జెల్, బాడీ లోషన్, పేరు నోరు తిరగని ఇంకో డబ్బా. మూత తీయగానే నిమ్మ ఘుమఘుమ. ఒళ్లు తుడుచుకునేసరికి మాయం. నిమ్మజాతి పరిమళాలు తేలిక, ముందే ఆవిరైపోతాయి. గంధం అలా కాదు, నిదానం మనిషి. మన పాతకాలపు అత్తర్లకు చందన తైలమే ఆధారం.

మొదటి ప్రపంచయుద్ధంలో మైసూరు గంధపుచెక్క ఐరోపాకు వెళ్లడం ఆగిపోతే, 1916లో ఆ సంస్థానమే నూనె తీయడం మొదలుపెట్టింది. అప్పటి దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మైసూర్ శాండల్ సబ్బు ఆ నూనె చలవే. మా ఇంట్లో దాన్ని చుట్టాలొస్తేనే విప్పేవారు. మాకు సున్నిపిండే గతి!

అన్నట్టు, ఏ వాసనకైనా ముక్కు కాసేపట్లో అలవాటుపడిపోతుంది. అది మరచి, లోషన్ వాసన తగ్గిందనుకుని మరికాస్త పూసుకున్నాను. బస్సులో పక్కాయన మాట్లాడకుండా కిటికీ తెరిచాడు.