పాత మాండలినుకు వాజిబు వెల

వస్తువునకు తగిన వెల యేది యను ప్రశ్న అంగడిలో పుట్టునదే కాని, అంగడిలో తీరునది కాదు. బియ్యమునకు, క్రొత్త బట్టకు నలుగురు పలుకు ధర యొకటి యుండును, దానినిబట్టి కొనవచ్చును. పాత వస్తువునకు, అందును తొలుతనే చౌకగా తయారైన పాత వస్తువునకు, అట్టి యాధారము లేదు. అక్కడ కొనువాని తెలివియు, అమ్మువాని యక్కఱయు ఎదురెదురుగా నిలుచును. కనుక ధర్మవిచారమునకు వజ్రముకంటె పాత చౌక మాండలినే తగిన యుదాహరణము.

హైదరాబాదు పాతనగరపు చెంత, 1578లో కట్టిన పురానాపూలు చేరువను, గురువారమునాడు జరుగు సంతకు జుమేరాత్ బజారని పేరు. ఉర్దూలో జుమేరాత్ అనగా గురువారమే. పాత సామానులు కుప్పలుగా పోసి యమ్మెడి యట్టి చోట బేరములో వాడదగిన ఉర్దూ మాట యొకటి కలదు: వాజిబు. వాజిబు ధర యనగా తగిన ధర. ఆ మాటకే తప్పక చేయవలసిన విధి యను అర్థము గూడ కలదు. తగిన వెలయు, తీర్పవలసిన బాధ్యతయు ఒక్క మాటలో ఇమిడియున్నవి. ఆ రెండర్థములను వేఱుచేయుట న్యాయమా యనునదే యిచ్చటి విచారము.

మొదట వస్తువును చూడవలెను. మాండలినుకు నాలుగు జతలుగా ఎనిమిది తీగెలుండును. వాని బిగువు పలకను నిత్యము క్రిందికి నొక్కుచు, మెడను ముందునకు లాగుచుండును. మెడకు ఒక కొననుండి కన్ను సారించిన వంపు తెలియును. తీగెలను మోయు గుఱ్ఱము క్రింద పలక క్రుంగినదా, మెట్లు అరిగినవా, బిరడలు తిరుగుచున్నవా యని చూడవలెను. పండ్రెండవ మెట్టుపై నొక్కి మీటినచో విడి తీగె స్వరమే పై స్థాయిలో సరిగా పలుకవలెను. రంధ్రపు అంచున చూచినచో పలక యొకే చెక్కయో, పొరలంటించినదో తెలియును. ఒకే చెక్కతో చేసిన మంచి వాద్యము ఏండ్లు గడచినకొలది ఇంపుగా పలుకునని వాదకులు పలువురు చెప్పుదురు. పొరలంటించిన చౌక వాద్యమునకు ముసలితనము వచ్చును గాని పెద్దఱికము రాదు.

కాబట్టి వట్టి పాతదనమునకు వెల కట్టరాదు. అటువంటిదే క్రొత్తది 5,000 రూపాయలకు దొరకుననుకొందము. వాడినదగుటచే సగము తగ్గింపగా 2,500. తీగెలకు, గుఱ్ఱమునకు, మెట్లు సరిచేయుటకు 900 అగునేని, మిగిలినది 1,600. అంగడివాడు పురాతన వస్తువని 6,000 అడిగినచో నది మాటకు వెల. ఒక యిల్లాలు చనిపోయిన భర్త మాండలినును మూలబడిన కట్టెగా నెంచి 400 రూపాయల కిత్తుననినచో నది యెఱుగమికి వెల. మొదటిదానిని మోసమందుము, రెండవదానిని మన యదృష్టమందుము. రెంటను జరిగినది తెలియనివాని సొమ్ము తెలిసినవాని చేతికి పోవుటయే. లాభము మనదైనంతనే దానికి పేరు మారినది.

చట్టము మనల నంతగా నిర్బంధింపదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ప్రకారము, మాటాడవలసిన బాధ్యత ప్రత్యేకముగా లేనిచో, ఊరకుండుటమాత్రమే మోసము కాదు. కాని చట్టము విడిచిన చోటనే ధర్మము పని ప్రారంభించును. క్రీస్తుపూర్వము 44లో రోము దేశపు సిసిరో విధులనుగూర్చి వ్రాసిన గ్రంథమున స్కేవోలా యనువాని ముచ్చట కలదు. అతడు పొలము కొనగోరి ఒకే మాటగా వెల చెప్పుమని యడిగెను. అమ్మువాడు చెప్పగా, తన యెన్నికలో ఆ పొలము అంతకెక్కువ చేయునని పలికి, లక్ష సెస్టెర్సులు కలిపి యిచ్చెను. అతడు మంచివాడే కాని తెలివిగలవాడు కాడని లోకులందురట. మంచితనమును తెలివియు వేఱను ఆ తలంపునే సిసిరో తప్పుపట్టెను. మన మహాభారతమున శాంతిపర్వములో జాజలి యను తపస్వి ధర్మము నేర్చుకొనుటకు పోయినది మఱియొక మునికడకు కాదు; కాశిలో వర్తకుడైన తులాధారునికడకు. అందఱియెడ సమముగా నిలిచిన త్రాసే ఆతని తపస్సు.

ఏండ్లు కష్టపడి వాద్యపరీక్ష నేర్చినవానికి ఆ విద్యకు ఫలము వలదా యని యడుగవచ్చును. వలయును. వాద్యమును బాగుచేసి, పలికించి, వాయించువానికి చేర్చినచో ఆ శ్రమకు కూలి గొనవచ్చును. అర్థశాస్త్రమున కౌటిల్యుడు స్వదేశపు సరకుపై నూటికి 5, పరదేశపు సరకుపై నూటికి 10 వర్తకునికి లాభముగా విధించెను; లాభము పాపమనలేదు, హద్దు గీచెను. కాని వస్తువునకేమియు చేయక, ఎదుటివాని యెఱుగమినుండి మాత్రమే వచ్చినది విద్యాఫలము కాదు. వైద్యుడు రోగమును గుర్తించినందుకు కూలి గొనును. గుర్తించిన రోగమును దాచి రోగి యింటిని చౌకగా కొనడు. సంతలో ఇద్దఱు వ్యాపారులు బేరమాడుట వేఱు. అక్కడ ఇరువురికిని ఆట తెలియును.

అమ్మువానికిని హద్దు కలదు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ బాల్యమున తండ్రి మాండలినును చేతబట్టి, ఆ విదేశవాద్యమును కర్ణాటక సంగీత వేదికపై నిలిపెను. అట్టి విలువ సాధకుని శ్రమవలన వచ్చినది. చెక్కలో నుండినది కాదు. రేపు వాయింపబోవువాని సాధనకు నేడే వెల యడుగుటయు అన్యాయమే.

ఇక కొలత యొకటి చాలును. ఈ వెల యెందుకిచ్చుచున్నానో ఎదుటివారికి దాచక చెప్పినచో, పిమ్మట గూడ వారొప్పుకొందురా? ఒప్పుకొన్నచో అది వాజిబు. కొనువాడు పేదయై, నేర్చుకొను పిల్లవానికొఱకు 1,000 మాత్రమే తెచ్చినచో, బడిపంతుళ్లకు పరిచితమైన ఈ యిబ్బందికిని ఈ కొలతయే దారి చూపును. "అమ్మా, ఇది 1,600 చేయును, నాయొద్ద ఇంతయే యున్నది" అని చెప్పవచ్చును. ఆమె కాదనినచో లేచి పోవలెను. ఇచ్చినచో ఆ 600 ఆమె దానము. తెలిసి తగ్గించినచో దానము, తెలియక తగ్గినచో నష్టము. చేతికి వచ్చు మాండలిను రెంట నొకటే. కాని దానమనుటకు ఇచ్చినవారికి తెలిసియుండవలెను, తెలుపవలసిన భారము తెలిసినవానిదే.