బిడ్డ మార్కులను ఎవరిని అడుగవలెను?

ధ్యాన భాగము: యోహాను 9:18–23



కొన్ని వేసవుల క్రిందట మా సంఘములోని ఒక తండ్రి, కాపు ఇంకను చెట్టుమీద ఉండగానే మామిడితోటను వ్యాపారికి అమ్మి, ఆ సొమ్ముతో కుమారుని కాలేజీ ఫీజు కట్టెను. పిమ్మట మార్కులు చూడగోరి కాలేజీకి వెళ్లెను. కుమారునికి పందొమ్మిదేండ్లు. అక్కడి గుమాస్తా, "మీ అబ్బాయినే అడగండి, అతడు ఒప్పుకొననిదే మేము చూపము" అనెను. ఆ సాయంకాలము ఆయన మా యింటికి వచ్చి, "అయ్యగారూ, ఫీజు కట్టిన చేతికి మార్కులు చూచే హక్కు లేదా?" అని కన్నీళ్లు పెట్టుకొనెను. ఆ రాత్రి మేము జవాబు చెప్పలేకపోతిమి.

ఇది ఒక్క యింటి ప్రశ్న కాదు. మన నూజివీడులో 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీని చూడుడి. పదవ తరగతి కాగానే పల్లెబిడ్డలు అందులో చేరి, ఆరేండ్లు హాస్టలులోనే ఉండి ఇంజనీరింగు ముగింతురు. బాలుడుగా గేటు దాటినవాడు ఆ హాస్టలులోనే 18 ఏండ్లు నిండి పెద్దవాడగుచున్నాడు. తల్లి కంటికి వాడు నిన్నటి బిడ్డయే. చట్టము కంటికి కాడు.

2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యత ప్రతి మనుష్యుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పిరి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, 18 ఏండ్లు నిండనివారి విషయమై తల్లిదండ్రుల సమ్మతి కోరుచున్నది; నిండినవారి సమ్మతి వారిదే. మన బిడ్డలనేకులు చదువ వెళ్లుచున్న అమెరికాలో 1974 నుండియే ఇట్టి చట్టమున్నది. కాలేజీలో చేరినవాని రికార్డుల హక్కు తల్లిదండ్రులనుండి వానికే మారును. అక్కడి పన్ను లెక్కలలో బిడ్డను తమ పోషణలోనున్నవానిగా చూపినవారికి కాలేజీ చూపవచ్చును గాని, ఇక్కడ అప్పు తెచ్చి పంపిన తండ్రికి సాధారణముగా బిడ్డ వ్రాసి యిచ్చిన సమ్మతియే దారి.

ఈ మాట మనకు క్రొత్తగా తోచును గాని, యోహాను సువార్తలో ఇది వినబడుచున్నది. పుట్టుగ్రుడ్డివాడు చూపు పొందినప్పుడు పెద్దలు వాని తల్లిదండ్రులను ప్రశ్నించిరి. వారు, కుమారుడు ఎదిగినవాడు గనుక వానినే అడుగవలెనని చెప్పిరి. మాట సరియైనదే. అయితే సమాజమందిరమునుండి వెలివేయుదురను భయముచేత వారు ఆ మాట పలికిరని సువార్తికుడు తెలుపుచున్నాడు. ఒకే మాట గౌరవముతోనైనను పలుకవచ్చును, తప్పించుకొనుటకైనను పలుకవచ్చును. కాలేజీవారును, మనమును ఏ హృదయముతో పలుకుచున్నామో పరీక్షించుకొందము.

ఇక కట్టిన చేతి సంగతి. లూకా 15లోని తండ్రి ఆస్తి పంచి యిచ్చెను. కుమారుని వెనుక వేగులవానిని పంపినట్లు వ్రాయబడలేదు. అయినను వాడు ఇంకను దూరముగా ఉండగానే చూచెను. ఇచ్చినదానికి లెక్క చూచుకొనుట కాపు కొన్న వ్యాపారి పని. దారివైపు చూచుట తండ్రి పని. ఫీజు కట్టినందున మనము బిడ్డ మనస్సును కొనలేదు.

యౌవనస్థులారా, మీతోను ఒక మాట. తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ 18 ఏండ్లతో తీరిపోలేదు. చట్టము మీ కాగితములకు తలుపు పెట్టినది గాని, ఆ తలుపు చాటున అబద్ధమాడుడని సెలవియ్యలేదు. మీ కొరకు ఎండలో నిలిచినవారికి నిజము చెప్పుట మీ ఋణము.

అయితే నిజము చెప్పగల యిల్లు మనది కావలెను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ యిండ్లకు మనము తీర్పు తీర్చరాదు. మన యింటిలో బిడ్డ, "నేను తప్పితిని" అని భయపడక చెప్పగలడా అని మాత్రము మనలను మనము అడుగుకొందము.

గడ్డిలో కాయలు మాగవేసిన రైతు గడియ గడియకు గడ్డి తీసి నొక్కి చూడడు. నొక్కినచోటనే కాయ చెడును. అయినను కుళ్లు వాసన వచ్చినయెడల ఊరకుండడు. మార్కులు మరుగుచేయుట వేరు, ప్రాణాపాయము మరుగుచేయుట వేరు. బిడ్డ కృంగిపోవుట ఎరిగిన వార్డెనుగాని స్నేహితుడుగాని గోప్యతపేరిట మౌనముగా ఉండరాదు. ఆ అమెరికా చట్టమును ఇట్టి ఆపదలో తల్లిదండ్రులకు తెలుపుటకు సెలవిచ్చుచున్నది.

ఆ తండ్రికి మేము మరునాడు చెప్పినది ఇంతే: "కుమారునిగూర్చి ఇతరులను అడుగకుము, కుమారునినే అడుగుము. అడిగి, చెప్పువరకు ఓర్చుకొనుము." సెలవులకు వచ్చిన కుమారుని ఆయన తోటలోనికి తీసికొనిపోయి అడిగెను. చాల సేపటికి వాడు ఫోను తీసి తానే చూపెను. రెండు పరీక్షలు తప్పియున్నాడు. తండ్రి కోపపడలేదని మేము చెప్పజాలము. గాని చేయి ఎత్తలేదు. ఆ రెండు పరీక్షలు వాడు మరల వ్రాసెను. అంతకంటె మేలు, ఇప్పుడు అడుగకమునుపే తండ్రికి ఫోను చేయుచున్నాడు.

మన హృదయములను ఎరిగిన దేవుడు, బలవంతముగా తెరువక తలుపునొద్ద నిలిచి తట్టువాడు, మన యిండ్లకు ఆ ఓర్పును, మన బిడ్డలకు ఆ ధైర్యమును దయచేయును గాక. ఆమేన్.