మనం నూటఐదుగురం

మే నెల ముదిరేసరికి చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో బోర్లు వంతులకు దిగుతాయి. గట్టు తగాదాలు, నీటి తగాదాలు పైకి తేలేదీ ఈ రోజుల్లోనే. పక్క మడివాడు మోటారు అరగంట ఎక్కువ వేసుకున్నాడని మాటామాటా పెరుగుతుంది. పొద్దున పలకరించుకున్న ఇళ్లు సాయంత్రానికి మొహాలు తిప్పుకుంటాయి. సరిగ్గా ఆ ఎండల్లోనే ఊళ్లో భారతం ఆడే మిట్ట మీద పందిరి లేస్తుంది.

ద్రౌపదీ సమేత ధర్మరాజస్వామి గుడి ఉన్న ఊళ్లలో చాలాచోట్ల 18 రోజులు భారతమే. మధ్యాహ్నం హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. విరాటపర్వం చెప్పిస్తే వాన పడుతుందని పెద్దల నమ్మకం. బకాసుర వధ నాడు భీముడి బండి వీధివీధీ తిరుగుతుంది. ఏ ఇంటి అన్నం, ఏ ఇంటి వడలు అన్న లెక్క లేకుండా అన్నీ ఒకే బండిలో పడతాయి. మాటల్లేని ఇల్లాళ్లు కూడా ఆ బండి ముందు పక్కపక్కనే నిలబడాల్సిందే.

వాన కోసం మొక్కుతూ దాయాదుల తగువే ఎందుకు వినాలి? పెద్దల తెలివంతా అక్కడే ఉంది. పాండవులకు కడకు ఐదూళ్లిచ్చినా చాలని కృష్ణుడు రాయబారం నడిపాడు. సూదిమొన మోపేంత నేలైనా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. ఐదూళ్లతో సర్దుకుంటానన్న ధర్మరాజుకు మనవాళ్లు గుడి కట్టారు. నేలంతా నాదేనన్నవాణ్ణి ఏటా ఆ నేల మట్టితోనే నిలువెత్తుకు ఎన్నో రెట్లు పెద్ద బొమ్మగా చేసి మైదానంలో పడుకోబెడతారు. భీముడి వేషగాడు చుట్టూ తిరిగి తిరిగి తొడ మీద గద దించుతాడు. ద్రౌపది వేషం అప్పుడు జుట్టు ముడేసుకుంటుంది. ఆ సాయంత్రం కంకణం కట్టి దీక్ష పట్టినవాళ్లు అగ్నిగుండం తొక్కుతారు. ఆపైన ధర్మరాజు పట్టాభిషేకం.

అదే భారతంలో ఘోషయాత్ర ఘట్టం ఉంది. అడవిలో ఉన్న పాండవుల ముందు డాబు చూపాలని వచ్చిన దుర్యోధనుణ్ణి గంధర్వులు పట్టి కట్టేశారు. మంచి పనైందన్నాడు భీముడు. ధర్మరాజు ఒప్పుకోలేదు. మనలో మనకు పోరైతే వాళ్లు నూరుగురు, మనం ఐదుగురం. పైవాడు మీదికొస్తే అందరం కలిసి నూటఐదుగురం అని చెప్పి, తమ్ముళ్లను పంపి విడిపించాడు.

కరువు అలాంటి పైవాడే. వెయ్యి అడుగులు దించినా తడి తగలని బోరుకు ఎవరి సర్వే నంబరూ పట్టదు. ఒకరు పోటీపడి లోతుకు వేసి లాగితే పక్కవాడి బోరు ఎండుతుంది, మరుసటేడు తనదీ ఎండుతుంది. అందుకే ఈ ఎండల్లో చెయ్యదగిన వ్రతం ఏమంత పెద్దది కాదు. మోటారు వంతు దాటకూడదు. తొట్టి దగ్గరికొచ్చిన పక్కింటి ఆవును తోలకూడదు. ఎండుతున్న పొరుగువాడి మామిడి మొక్కకు రెండు బిందెలు పోయాలి. ఆగిపోయిన పలకరింపును మనమే ముందు మొదలుపెట్టాలి.

వాన కురిపించడం దేవుడి పని. కురిసేదాకా ఒకరినొకరు కాచుకోవడం మన పని. ధర్మరాజుకు హారతి పట్టిన చేత్తో పక్క మడికి నీళ్లు మళ్లిస్తేనే ఆ హారతి ఆయనకు చేరినట్టు.