మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?

పంచాంగం ప్రకారం చైత్రం వస్తేగానీ వసంతం రాదు. ఇంటి పని చేసే ఆడవాళ్లకి మాత్రం మాఘంలోనే ఆ సంగతి తెలిసిపోతుంది. చలి తగ్గగానే రగ్గులు ఉతికి, ఎండబెట్టి అటక మీదకి చేర్చాలి. కొత్త చింతపండు వస్తుంది, గింజ తీసి ఉప్పు కలిపి జాడీకెత్తాలి. ఎండుమిర్చి తొడిమలు తీయాలి. ఎండ కాస్త గట్టిపడితే వడియాల పని. పెరట్లో చిక్కుడు పాదు చివరి కాపుకొచ్చి కొసలకి పేనుబంక పట్టి ఉంటుంది. చామంతులు వాడిపోతుంటాయి. బీర, సొర, దోస గింజలు పెట్టడానికి అదను అదే. సరిగ్గా ఆ రోజుల్లోనే తీర్థాలు, తిరునాళ్లు, పిల్లలకి పరీక్షల ముందు మిగిలిన నాలుగు ఆదివారాలు. "ఎండలు ముదరకముందే ఎక్కడికైనా వెళ్లొద్దాం" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనేది మగవాళ్లో పిల్లలో అయితే అది సరదా. ఆ ఇంటి ఇల్లాలి చెవిన పడేసరికి పులిహోరకి ఎన్ని సోలల బియ్యం అనే లెక్కగా మారుతుంది.

తీరిక అంటే ఏమిటన్న ప్రశ్న నాకు సిద్ధాంత గ్రంథాల్లో కంటే ఈ రెండు నెలల్లోనే ఎక్కువ ఎదురైంది. పని లేకపోవడం తీరికా? ఇష్టమైన పని చేయడమా? ఇంటి నుంచి బయటపడటమా? లేక ఎవరి కంటా పడకుండా ఉండటమా?

కేంద్ర గణాంక శాఖ వారి సమయ వినియోగ సర్వే ఈ మధ్య చాలామంది చదివే ఉంటారు. జీతం లేని ఇంటి పనిలో పాల్గొన్న వాళ్లని తీసుకుంటే, 2019లో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు ఆ పని చేశారు. 2024 సర్వేకి వచ్చేసరికి ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88 అయ్యాయి. ఆడవాళ్లకి పది నిమిషాలు తగ్గాయని సంతోషిద్దామంటే మగవాళ్లు కూడా ఓ తొమ్మిది నిమిషాలు తగ్గించుకున్నారు! నాకు ఈ అంకెల కంటే సర్వే వాడే పనుల వర్గీకరణ ఆసక్తిగా అనిపించింది. ఆ అంతర్జాతీయ పట్టిక ప్రకారం ఇంటి వాడకానికి కూరగాయలు పెంచితే అది సొంత అవసరాలకి సరుకుల ఉత్పత్తి. ఇంటి ముందు పూలమొక్కల్ని చూసుకుంటే ఇంటి నిర్వహణ, అంటే ఇల్లు ఊడ్చడం సరసన చేరే పని. ఒకే చెంబుతో ఒకే గోడ పక్కన నీళ్లు పోస్తున్నా, చిక్కుడు పాదు ఒక గడిలోకీ బంతి మొక్క ఇంకో గడిలోకీ పోతాయి. రెండింటిలో ఏదీ తీరిక గడిలోకి రాదు. ఈ శ్రమని శ్రమగా గుర్తించమని స్త్రీలు దశాబ్దాలుగా అడిగారు కాబట్టే పట్టిక అలా తయారైంది. అది మంచిదే. కానీ ఆ రెండు గడుల మధ్య జారిపోయేది ఒకటుంది. దాన్ని గురించే ఈ వ్యాసం.

మా అమ్మది రాజమహేంద్రవరం. పెరడున్న పాత ఇల్లు. నా చిన్నప్పుడు రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టిన మూడు రోజులకి అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం వచ్చేది. మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. మేనత్తలు, బాబాయిలు, మేము పిల్లలం అంతా వ్యాన్ మాట్లాడుకుని వెళ్లేవాళ్లం. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. పిల్లలకి అక్కడ దేవుడి కంటే ఇసుక ముఖ్యం. అమ్మ తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపి, దద్దోజనం చేసి, గారెలు వండి గిన్నెలకి గుడ్డలు కట్టి వ్యాన్‌లో పెట్టించేది. తను మాత్రం వచ్చేది కాదు. "మొక్కలకి నీళ్లెవరు పోస్తారు?" అనేది. దాని మీద ఇంక ఎవరూ ఏమీ అనేవారు కాదు. దేవుడి పనికి పోటీగా మా ఇంట్లో నిలబడగలిగిన కారణం అదొక్కటే.

నాకు ఈ మాట మీద ఒక పరిశోధకురాలి అనుమానం. మాఘమాసంలో, గోదావరి నేలలో, భూమిలో నాటిన మొక్కకి ఒక్క రోజు నీళ్లు పోయకపోతే ఏమీ కాదు. రాత్రిళ్లు మంచు పడుతూనే ఉంటుంది. మల్లె తుప్పలకైతే ఆకు దూసే ముందు కావాలనే నీళ్లు ఆపేస్తారు, తర్వాత పూత బాగా రావాలని. ఇవన్నీ నాకు నేర్పింది అమ్మే. అంటే ఆ జవాబులో మొక్కలున్నాయి గానీ, అవసరం మొక్కలది కాదు.

ఏళ్ల తర్వాత, నా పిహెచ్‌డి అయ్యాక, అడిగాను. "మేం అందరం వెళ్లిపోయాక ఏం చేసేదానివమ్మా?"

"ఏం చేస్తాను? ఏమీ చేసేదాన్ని కాదు. మధ్యాహ్నం మూడింటికి పెరటి గుమ్మంలో కూచుని చద్దన్నంలో ఆవకాయ కలుపుకుని తినేదాన్ని. అయిపోయిన చామంతులు కోసేసి పిలకలు నీడకి మార్చేదాన్ని. ఎవరూ పిలిచేవాళ్లు కారే. రోజంతా నా పేరు పెట్టిగానీ, అమ్మా అనిగానీ, ఏమే అనిగానీ ఎవరూ పిలవకపోవడం ఎంత బావుంటుందో నీకేం తెలుసు!"

"సముద్రం చూడాలని ఉండేది కాదా?"

"ఎందుకుండదు? ఉండేది. మీ చొక్కాలు, గిన్నెలు, మీ నాన్నగారి మందులు లేకుండా చూడాలని ఉండేది."

ఇక్కడే నాకు అసలు నైతిక ప్రశ్న కనిపిస్తుంది. మనిషి తనకి దొరికే దాన్నిబట్టి తన కోరికల్ని కుదించుకుంటుందని తత్త్వవేత్తలు చెప్తారు. జాన్ ఎల్‌స్టర్ 1983లో ఈ విషయం మీద రాసిన పుస్తకానికి పేరే 'సోర్ గ్రేప్స్', మన అందని ద్రాక్ష పుల్లన. మార్తా నస్‌బామ్ 2000లో వచ్చిన 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్'లో ఈ ఆలోచనని స్త్రీల జీవితాలకి అన్వయించింది. అందులో మన మహబూబ్‌నగర్ ప్రాంతపు స్త్రీలు కూడా ఉన్నారు. పోషకాహారం లేకపోయినా, మంచినీళ్లు లేకపోయినా, చైతన్య కార్యక్రమం ఒకటి వచ్చేదాకా వాళ్లలో దాని మీద కోపం కనిపించలేదని ఆమె రాసింది. కోరుకోవడం లేదు కాబట్టి అన్యాయం జరగలేదనడానికి వీల్లేదన్నది ఆమె వాదన. చాలా విలువైన వాదన. స్త్రీవాద రాజకీయాలకి అది లేకుండా గడవదు కూడా.

అయితే ఆ చట్రంలో మా అమ్మని కూచోబెట్టబోతే ఆమె ఇమడదు. బయటి నుంచి చూసేవాళ్లకి ఆమె సముద్రం అక్కర్లేదని సర్దుకున్న మనిషి. నిజానికి ఆమె దేన్నీ కుదించుకోలేదు. సముద్రమూ కావాలి, ఒంటరితనమూ కావాలి. రెండూ దొరకవని తెలిసి ఒకటి ఎంచుకుంది, ఎంచుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. సర్దుకుపోవడం వేరు, దాచుకోవడం వేరు. సర్దుకుపోయిన మనిషికి తన కోరిక తనకే కనిపించదు. దాచుకున్న మనిషికి అది బాగా తెలుసు, ఇంట్లో వాళ్లకే తెలియదు. చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. నోట్‌బుక్ పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్లే మాలాంటి వాళ్లకైతే మరీను. "మీకు బయటికి వెళ్లాలని ఉండదా?" అంటే "నాకెందుకమ్మా, ఇల్లే హాయి" అన్న జవాబుని ఎన్ని పరిశోధన వ్యాసాల్లో లొంగుబాటుగా లెక్కవేశారో! ఆ హాయిలో మూడింటికి తిన్న చద్దన్నం ఉందేమో ఎవరు అడిగారు?

దీన్ని ప్రతిఘటన అని పొగిడేసి ఊరుకోవడం కూడా నాకు నచ్చదు. ఆ ఏకాంతానికి ఆమె తెల్లవారుజాము మూడింటికి లేచి మూల్యం చెల్లించింది. ఇరవై మందికి వండి పంపితే తప్ప ఒక మధ్యాహ్నం రాలేదు. సాకు కింద మాత్రమే దొరికే స్వేచ్ఛని స్వేచ్ఛ అనాలంటే నోరు రాదు. అలాగని లేదనడమూ ఆమెని అవమానించడమే. ఆ మధ్యాహ్నాలు నిజంగా ఆమెవే.

మన సాహిత్యంలో స్త్రీని మొక్కతో పోల్చడం బాగా అలవాటు. లత, తీగ, మొగ్గ సరే, ఆ పోలికని తిరగేసిన అబ్బూరి ఛాయాదేవి గారి 'బోన్సాయ్ బ్రతుకు'లో కూడా స్త్రీ చెట్టే, కుండీలో కత్తిరించి పెంచిన చెట్టు. తెలుగు కథ ఆ ఒక్క పోలికతో మన తరాలకి ఎంత చెప్పిందో వేరే చెప్పనక్కర్లేదు. కానీ స్త్రీ మొక్క కాకుండా, మొక్కని పెంచే మనిషిగా కనిపించే చోట్లు ఎన్ని? నాకు వెంటనే గుర్తొచ్చేది ఓల్గా గారి 'విముక్త'లోని 'సమాగమం'. ముక్కుచెవులు కోయించుకున్న శూర్పణఖ అడవిలో అందమైన తోట పెంచుతుంది, అక్కడికి సీత వెళ్తుంది. ఆ తోట ఎవరి ఇంటి అలంకారమూ కాదు, పూజకి పూలిచ్చే పెరడూ కాదు. ఆమెకి తోటకి సాకు అవసరం లేదు. ఎందుకంటే ఆమెకి ఇల్లే లేదు! ఇల్లున్న వాళ్ల సంగతేమిటన్న ప్రశ్న అక్కడితో తేలదు.

ఆలిస్ వాకర్ 1974లో రాసిన 'ఇన్ సెర్చ్ ఆఫ్ అవర్ మదర్స్ గార్డెన్స్'లో తన తల్లి పొలం పనికి వెళ్లే ముందూ, వచ్చాక చీకటి పడేదాకా పూలమొక్కలతో గడపడాన్ని ఆమె కళగా చూసింది. రాయడానికి వీలులేని నల్లజాతి స్త్రీలు సృజనని ఎక్కడ దాచుకున్నారన్నది ఆమె వెతుకులాట. దాచుకోవడమన్న మాట అక్కడా వస్తుంది చూడండి.

తోటలోనే ఎందుకు దాచుకుంటారు, వంటింట్లో ఎందుకు కాదు? ఇంటి పనిని సిమోన్ ద బోవా 'ది సెకండ్ సెక్స్'లో సిసిఫస్ శిక్షతో పోల్చింది. తోమిన గిన్నె మళ్లీ అదే గిన్నె అవుతుంది, ఊడ్చిన గది మళ్లీ అదే గది. మొక్కకి నీళ్లు పోయడమూ రోజూ చేసేదే, కానీ రేపటి మొక్క ఇవాళ్టిది కాదు. చామంతి అయిపోయాక మొదలు దగ్గర పిలకలొస్తాయి. వాటిని ఎండాకాలమంతా కాపాడి వానలు మొదలయ్యాక నాటితే మళ్లీ చలికాలానికి పూస్తాయి. పని తిరిగొస్తుంది, ఒక ఏడాది తోడు తెచ్చుకుని తిరిగొస్తుంది. ఇంకో సంగతి, మొక్క ఆలస్యానికి నిలదీయదు. వాడిపోతుందేమో గానీ "కాఫీ ఏదీ?" అనదు.

అయితే ఈ సాకు దొరకాలంటే పెరడు ఉండాలి. హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లో పనికి వచ్చే ఆమెది ఒక్క గది ఇల్లు. ఒక రోజు తనకోసం కావాలంటే ఆమె "జ్వరం" అని చెప్పాలి. మాఘంలో ఆదివారం మేం అనంతగిరి కొండలకి వెళ్తే (మోదుగలు పూసే కాలం, వికారాబాద్ దారంతా అక్కడక్కడా నిప్పు అంటుకున్నట్టుంటుంది) సోమవారం ఆమెకి రెట్టింపు గిన్నెలు. మా తీరిక అడుగున ఆమె లేని సోమవారం ఒక్కటీ లేదు. కడియం నర్సరీల నుంచి నా బాల్కనీకి వచ్చిన కుండీల సంగతీ అంతే. కవర్లలో మట్టి నింపే చేతుల్లో ఎక్కువ ఆడచేతులే. వాళ్లకి మొక్కలకు నీళ్లు పోయడం కూలి పని, ఏ సాకుగానూ పనికిరాదు. ఈ ఏడాది నుంచి మేం బయటికి వెళ్లొచ్చిన రోజు గిన్నెలు మా ఆయనా నేనూ ఆ రాత్రే తోమేస్తున్నాం. ఇది విప్లవమేం కాదు, గంటన్నర పని. జ్వరం లేకుండానే సెలవు అడగొచ్చని ఆమెకి చెప్పాం. ఆమె ఇంకా నమ్మలేదు. ఎందుకు నమ్మాలి?

కుటుంబాలు ఆడవాళ్లని తరచూ అడిగే ప్రశ్న "నువ్వెందుకు రావు?" అని. "నువ్వు రావాలంటే మేం ఏం మోయాలి?" అని అడగడం నేను చాలా తక్కువ విన్నాను. రెండోది అడిగితే సగం సాకులు రాలిపోతాయి. మిగతా సగం, అంటే ఏ కారణమూ లేకుండా ఇంట్లో ఒంటరిగా ఉండాలనిపించడం, దానికి మన భాషలో ఇంకా మర్యాదైన మాట లేదు. "ఊరికే" అంటే కోపమొచ్చిందనుకుంటారు.

అమ్మకి ఇప్పుడు అరవై దాటాయి. 2025 మార్చిలో, తీర్థం రద్దీ అంతా అయిపోయాక, పక్కింటి ఇద్దరితో కలిసి బస్సెక్కి అంతర్వేది వెళ్లింది. పులిహోర లేదు, గారెలు లేవు, చేతిలో ఒక సంచి. దారిలో హోటల్లో ఇడ్లీ తిన్నారట. సాయంత్రం ఐదింటికి నాన్న నాకు ఫోన్ చేశారు. అమ్మ ఫోన్ ఎత్తడం లేదని, చామంతి పిలకలకి ఎన్ని చెంబులు పోయాలో నాకేమైనా తెలుసా అని.

తడి చూసి పోయండి నాన్నా, అన్నాను. తడి ఎలా చూడాలి అని అడిగారు. వేలు పెట్టి.