దేహములేని ఊరేగింపు

1558వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీన బ్రస్సెల్స్ వీధులలో ఐదవ చార్లెస్ చక్రవర్తి అంత్యక్రియల ఊరేగింపు సాగెను. అయితే అందులో ఆయన దేహము లేదు. ఆయన సెప్టెంబరు 21న స్పెయిను దేశమందలి యూస్తే మఠములో కన్నుమూయగా అక్కడనే సమాధి చేసిరి. మరి ఈ ఊరేగింపు ఎవరికొరకు?

కుమారుడైన రెండవ ఫిలిప్పు దుఃఖవస్త్రముతో, ముసుగుతో నడిచెను. తండ్రి ఏలిన దేశముల పేర ధ్వజములను, గుఱ్ఱములను నడిపించిరి. వాటితోకూడ, సముద్రముపై తేలుచున్నట్లు ఒక గొప్ప ఓడ కదలెను. దాని ప్రక్కలను చక్రవర్తి జయములు చిత్రింపబడెను. పైన ఖాళీ సింహాసనము. విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ అను మూడు మూర్తులు.

1559లో ఆంట్వెర్ప్ పట్టణమున ప్లాంటిన్ అను ముద్రాపకుడు దీనిని చిత్రములతో ప్రకటించెను. దూటెకుమ్ సోదరులు రాగిరేకులపై తొలిచిన ఆ చిత్రములను వరుసగా అతికించినచో ఊరేగింపంతయు కన్నులయెదుట సాగిపోవును. వీధిలో ముగిసినది కాగితముపై నిలిచెను. తండ్రి పోయెను గాని అధికారము పోలేదని అది చూచువారికి చాటెను.

1521లో వర్మ్స్ సభలో లూథరును విచారించిన చక్రవర్తి ఈయనే. కనుక ఈ ఆడంబరమును నిందించుట మనకు సులభము. కాని తొందరపడరాదు. యోసేపు తన తండ్రి దేహమును రథములతోను రౌతులతోను కనానునకు తీసికొనిపోయెనని ఆదికాండము 50వ అధ్యాయములో చదువుచున్నాము. ఘనముగా సాగనంపుట దోషము కాదు. ఫిలిప్పు దుఃఖము కపటమని చెప్పుటకు మనమెవరము?

అయినను మా మనస్సులో ఒక ప్రశ్న నిలిచియున్నది. అదే పట్టణమున 1555లో, కీళ్లవాతముతో క్రుంగిన చార్లెస్ ఒక యువకుని భుజముపై ఆనుకొని, కన్నీటితో తన అధికారమును విడిచెను. ఆ అలసిన మనుష్యుడు ఈ ఓడపై కనబడడు. జయములు మిగిలెను, మనుష్యుడు మరుగుపడెను. మృతుని ఘనత జీవించియున్నవారి ఘనతకు మెట్టు అగునది ఇక్కడనే అని మాకు తోచుచున్నది.

రాజులు ఓడ కట్టిరి. మనము మాటలతో కట్టుదుము. మన పెద్దలను గూర్చి చెప్పునప్పుడు వారి బలహీనతను దాచుట ప్రేమచేతనా, మన యింటి పేరు కొరకా? ఓడలోని ఆ మూడు మూర్తులలో ప్రేమకు మాత్రము ధ్వజములు అక్కరలేదు. అది ఓడిపోయిన మనుష్యుని సయితము తనవాడని చెప్పుకొనును. తదుపరి సమాధియొద్ద నిలుచునప్పుడు మనలను మనము పరీక్షించుకొందము గాక.